డబ్బు ఆర్డరుదారుది, డిజైను ఎవరిది?
నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఎలక్ట్రానిక్ పరికరం ప్రత్యేకంగా చేయించుకునేవారు తరచూ అడిగే ప్రశ్నలు

బోరు మోటారును ఫోనుతో ఆపి నడిపే స్టార్టరు, విత్తన గోదాములో తేమను కనిపెట్టే మీటరు, ఆళ్లగడ్డ శిల్పశాలలో రాతి దుమ్ము పెరిగితే ఫ్యానును తిప్పే పెట్టె. ఇటువంటివి చేయించుకున్నవారికి పేచీ మొదటి పరికరంతో రాదు. అదే మాదిరి రెండోది చేయించాలనుకున్నప్పుడు వస్తుంది.

ఈ సమాధానాల్లో "ఆర్డరుదారు" అంటే డబ్బు ఇచ్చి పరికరం చేయించుకునే వ్యక్తి లేదా సంస్థ. "నిపుణుడు" అంటే ప్రతిఫలానికి డిజైను చేసే బయటి వ్యక్తి లేదా సంస్థ. ఆర్డరుదారు వద్ద జీతానికి ఉన్న ఉద్యోగి కాదు. "నమూనా" అంటే పనిచేసే మొదటి పరికరం. "డిజైను ఫైళ్లు" అంటే సర్క్యూట్ చిత్రం, పీసీబీ గెర్బర్ ఫైళ్లు, విడిభాగాల జాబితా, ప్రోగ్రాము సోర్స్ కోడ్. ఈ నాలుగూ కలిపి. ఇది సాధారణ సమాచారం మాత్రమే. కాగితాలు చూడకుండా ఏ ఒక్కరి వ్యవహారానికీ దీన్ని సలహాగా తీసుకోరాదు.

1. నిపుణుడిని ఎక్కడ వెతకాలి? అతనికి లైసెన్సు ఉండాలా?

సర్క్యూట్ డిజైను చేయడానికి ప్రత్యేక లైసెన్సు అవసరం లేదు. కనుక అర్హతను ఆర్డరుదారే పరీక్షించుకోవాలి: అతను చేసిన పరికరం ఒకటి ఎక్కడైనా నడుస్తుంటే వెళ్లి చూడాలి. నంద్యాలలోని ఆర్జీఎం, శాంతిరాం ఇంజినీరింగ్ కళాశాలల ఎలక్ట్రానిక్స్ విభాగాలు, కర్నూలులోని ట్రిపుల్ ఐటీ డీఎం దగ్గరి దారులు. నమూనా తయారీకి హైదరాబాద్‌లో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. పెద్ద చదువు లేని ఆవిష్కర్తలకు పల్లె సృజన సంస్థ తోడ్పడుతుంది. ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం బడి మధ్యలో మానినవారే. పేటెంటు దరఖాస్తు వేయించుకునేటప్పుడు మాత్రం నమోదైన పేటెంటు ఏజెంటునే పెట్టుకోవాలి. ఆవిష్కర్త స్వయంగానూ వేసుకోవచ్చు.

2. ఆలోచన చెప్పేముందు ఏం చేయాలి?

వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. రక్షణ ప్రధానంగా ఒప్పందం మీదే ఆధారపడుతుంది. కాబట్టి గోప్యతా ఒప్పందంపై సంతకాలయ్యాకే వివరాలు చెప్పాలి. విషయం నిజంగా కొత్తదైతే పేటెంటుకు తాత్కాలిక దరఖాస్తు ముందే వేయవచ్చు. మన రాష్ట్రానికి చెన్నై పేటెంటు కార్యాలయం వర్తిస్తుంది. వ్యక్తులకు ఆన్‌లైన్ ప్రాథమిక రుసుము 1,600 రూపాయలు. తాత్కాలిక దరఖాస్తు వేసిన నాటినుంచి 12 నెలల్లో పూర్తి వివరణ దాఖలు చేయకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క.

3. డబ్బు మొత్తం ఇచ్చాను. డిజైను నాదే కదా?

కాకపోవచ్చు. నమూనా ఆర్డరుదారుది. డిజైను ఫైళ్ల సంగతి వేరు, అందులోనూ చట్టానికో తీరు.

కాపీరైటు చట్టం, 1957 ప్రకారం సర్క్యూట్ చిత్రానికి, సోర్స్ కోడ్‌కు మొదటి హక్కుదారు వాటిని రాసిన నిపుణుడే. ఉద్యోగి విధుల్లో భాగంగా రాస్తే యజమానికి వచ్చే హక్కు, ప్రతిఫలం ఇచ్చినంత మాత్రాన ఆర్డరుదారుకు రాదు. సంతకంతో కూడిన రాతపూర్వక బదిలీ తప్పనిసరి. ఆ బదిలీలో కాలం రాయకపోతే 5 ఏళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. మరొకటి చాలామంది చూసుకోరు: బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే అది రద్దవుతుంది, బదిలీ పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప. తప్పక రాసుకోవాలి.

పేటెంటులో మెలిక ఇంకా సూక్ష్మం. "బోరులో నీళ్లు అయిపోతే మోటారు ఆగాలి" అన్నది ఆర్డరుదారు అవసరం. అది ఆవిష్కరణ కాదు. నీళ్లు లేనప్పుడు మోటారు లాగే కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఎవరూ చేయని కొత్త పద్ధతిలో కొలిచినవారు ఆవిష్కర్త. సాధారణంగా అది నిపుణుడే. ఆర్డరుదారు తన పేరిట దరఖాస్తు వేయాలంటే, దరఖాస్తు వేసే హక్కు ఆవిష్కర్త నుంచి తనకు వచ్చిందనే రుజువును దరఖాస్తుతో గాని, తర్వాత 6 నెలల్లోపు గాని దాఖలు చేయాలి.

పెట్టె బయటి ఆకారానికి మాత్రం డిజైన్ల చట్టం, 2000 ఆర్డరుదారు పక్షాన ఉంది: ప్రతిఫలానికి చేయించుకున్నవారే హక్కుదారు. ఆకారం బయటపడకముందే నమోదు చేయించాలి. రక్షణ 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5.

ఒప్పందంలో డిజైను ఫైళ్లు నాలుగూ పేరుపేరునా రాయాలి. సోర్స్ కోడ్ చేతికి వచ్చేదాకా చివరి వాయిదా ఇవ్వనని ముందే షరతు పెట్టుకోవాలి. తర్వాత అడిగితే అది బేరమవుతుంది.

4. పొలంలో నలుగురి ముందు నడిపి చూశాను. పేటెంటు పోయినట్టేనా?

పరికర స్వభావాన్ని బట్టి బహిరంగంగా పరీక్షించక తప్పకపోతే, కేవలం సహేతుకమైన పరీక్ష కోసమే నడిపి ఉంటే, ఏడాదిలోపు దరఖాస్తు వేస్తే మినహాయింపు ఉంది. లోపలి పనితీరు తెలిసేలా యూట్యూబ్‌లో పెట్టిన వీడియో పరీక్ష కిందికి రాదు.

5. కళాశాల విద్యార్థుల చేత ప్రాజెక్టుగా చేయించవచ్చా?

చేయించవచ్చు. ముందుగా ఆ కళాశాల మేధాసంపత్తి విధానాన్ని చదవాలి; హక్కు ఉంచుకునే కళాశాలలు ఉంటాయి. పని చేసిన ప్రతి విద్యార్థి, మార్గదర్శి అధ్యాపకుడు బదిలీ పత్రంపై సంతకం చేయాలి. పాలిటెక్నిక్ విద్యార్థుల్లో 18 ఏళ్లు నిండనివారు ఉంటారు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదు.

6. నమూనా ఇచ్చారు, సరిగా పనిచేయడం లేదు. గడువు ఏమైనా ఉందా?

నిపుణుడు ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే ఉంది. ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం నమూనా అందిన 15 రోజుల్లోగా అభ్యంతరం రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే అందిన రోజే అంగీకరించినట్టు లెక్కించి చెల్లింపు గడువు నడుస్తుంది. ఆ గడువు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని తేదీ, ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు మించకుండా. లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. ఫోనులో గట్టిగా మాట్లాడితే అభ్యంతరం తెలిపినట్టు కాదు. ఈమెయిలు, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపడం మేలు. వాట్సాప్ సందేశాలను కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63 ధ్రువపత్రం కావాలి. ఆ ఫోను మార్చకండి.

7. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

వ్యాపార ప్రయోజనం కోసమైతే వెళ్లలేరు. స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం వాడేవారికి మినహాయింపు ఉంది: సొంతంగా చెక్కుకునే శిల్పి, చిన్న రైతు దీని కిందికి రావచ్చు, రైసు మిల్లు, విత్తన కంపెనీ రావడం కష్టం. వివాద కారణం తలెత్తిన 2 ఏళ్లలోపు, తాము నివసించే ప్రాంతంపై పరిధి ఉన్న జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల దాకా రుసుము లేదు. మిగతావారికి సివిల్ కోర్టు. సాధారణంగా గడువు 3 ఏళ్లు. 3 లక్షల రూపాయలు, ఆపై విలువ గల వాణిజ్య వివాదమైతే, అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరితే తప్ప, దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

8. పరికరానికి అనుమతులు ఎవరు తెచ్చుకోవాలి?

ఒప్పందంలో రాసినవారు; రాయకపోతే అమ్మేవారిపై పడుతుంది. వైఫై, బ్లూటూత్ ఉంటే టెలికాం శాఖ ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉన్న మాడ్యూలే వాడాలని షరతు రాసి, పత్రం ప్రతి తీసుకోండి. క్రయవిక్రయాల్లో తూకానికి వాడే యంత్రమైతే తూనికలు కొలతల చట్టం, 2009 కింద తయారీకి ముందే మోడల్ ఆమోదం కావాలి. అమ్మకానికి పెట్టే పవర్ అడాప్టరుకు బీఐఎస్ నమోదు తప్పనిసరి. అడవి పందుల కంచెకు నేరుగా లైను కరెంటు ఇచ్చే పెట్టె చేయమని ఏ నిపుణుడినీ అడగవద్దు. ఆ ఒప్పందం చెల్లదు, ప్రాణం పోతే నేరం.

9. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే?

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. ఇతరులకు నిర్ణీత ఆదాయ పరిమితి ఉంటుంది. కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు ఇవ్వాలి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కోరవచ్చు. అక్కడి అవార్డుపై అప్పీలు ఉండదు. కనుక డిజైను ఫైళ్లు ఏ తేదీకి, ఏ రూపంలో అప్పగించాలో అవార్డులో రాసి ఉందని చూసుకున్నాకే సంతకం చేయాలి.