మిషన్ అనే మాట

మన పల్లెల్లో మిషను అంటే మూడు వస్తువులు గుర్తుకొస్తాయి. బట్టలు కుట్టేదీ మిషనే, ధాన్యం ఆడించేదీ మిషనే, ఫాదర్లు, సిస్టర్లు నడిపే ఆస్పత్రీ మిషనే. మొదటి రెండూ వేరే మాట. గ్రీకులో ఉపాయం, సాధనం అనే అర్థంగల పదం లాటిను మీదుగా ఇంగ్లీషులో 'మెషీన్' అయ్యింది; మన నోట మిషనయ్యింది. మూడోది లాటిను క్రియ 'మిత్తెరె' నుండి పుట్టింది. మిత్తెరె అంటే పంపుట.

ఈ క్రియకు సంతానం ఎక్కువ. మెసేజ్, పర్మిషన్, ప్రామిస్, ఆఖరికి మిసైల్ కూడా దాని బిడ్డలే. దివ్యబలిపూజకు ఇంగ్లీషులో 'మాస్' అనే పేరు కూడా ఇక్కడిదే. లాటిను పూజ చివర గురువు ప్రజలను సాగనంపే వాక్యంలోని 'మిస్సా' అనే మాట మొత్తం పూజకు పేరయ్యింది. దీవెనకు ముందే చెప్పులు వెతుక్కునేవారు ఈ సంగతి గమనించాలి!

పునీత తోమాసు అక్వీనాసు 13వ శతాబ్దంలో 'సుమ్మా థియొలోజియే' మొదటి భాగం 43వ ప్రశ్నలో ఈ మాటను వాడింది మనుషుల గురించి కాదు, పితదేవుడు సుతుని, పవిత్రాత్మను పంపడం గురించి. గురువులను దూరదేశాలకు పంపడమనే అర్థం 16వ శతాబ్దంలో యేసుసభవారి వాడుకతో స్థిరపడింది. ఆ అర్థంలోనే సవాయ్ ప్రాంతపు ఆనసీ పట్టణం నుండి పునీత ఫ్రాన్సిస్ ద సాలెస్ సభ గురువులు 1846లో విశాఖపట్నం వచ్చారు. 1849లో పునీత జోజప్ప సభ సిస్టర్లు యానాం చేరారు. 1993లో ఏర్పడిన మన శ్రీకాకుళం మేత్రాసనానికి వేరు అక్కడిదే.

ఇప్పుడు ఇంగ్లీషులో మిషన్ అంటే లక్ష్యమనే అర్థమే ఎక్కువ చెలామణీ అవుతోంది. కంపెనీల గోడల మీద అదే. 2023లో శ్రీహరికోట నుండి లేచిన చంద్రయాన్-3 కూడా మిషనే. తప్పు అనను, రాకెట్టునూ ఒకరు పంపాలి కదా. కాని లక్ష్యమంటే విలుకాడు గురిచూసే గుర్తు. గురి పెట్టేది నేను, తప్పితే ఓడేదీ నేనే. మిషన్‌లో మాత్రం ముందు పంపినవాడుండాలి, ఎవరి దగ్గరకు పంపాడో వారుండాలి.

ఇంటర్ తప్పిన పిల్లవాడు 'ఇంకెందుకు ఫాదర్ నా బతుకు' అంటాడు. బాబూ, గురి తప్పింది నిజమే. పంపినవాడు నిన్ను వెనక్కి పిలవలేదే! మంచంమీది మామ్మకు మందు ఇవ్వాలి, చెల్లికి లెక్కలు చెప్పాలి. హైదరాబాదు, చెన్నై పనులకు వలసపోయే మన కుర్రాళ్ల సంగతీ అంతే. కూలికోసమే వెళ్తారు, అయినా అదే షెడ్డులో జ్వరంతో పడివున్న తోటి కూలీ దగ్గరకు వారిని పంపింది మేస్త్రీ కాదు.

తల్లిదండ్రులారా, 'నీ ఎయిమ్ ఏమిటిరా' అని రోజూ అడుగుతున్నారు. 'దేవుడు నిన్ను ఎవరి దగ్గరకు పంపాడనుకుంటున్నావు?' అని కూడా ఒకసారి అడగండి. యోహాను సువార్త 20వ అధ్యాయంలో క్రీస్తునాథుడు శిష్యులను పంపిన మాట చెప్పింది, వారు భయంతో తలుపులు మూసుకున్న ఇంట్లోనే. ఈ వారం కుటుంబ ప్రార్థనలో 19 నుండి 23 వరకు వచనాలు పిల్లలచేత చదివించండి.