లెక్కలోకి రాని పొగాకు

మన జనంలో పొగాకు వాడేవారెందరు? మిత్రులారా, ఈ వ్యాసం రాయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. టంగుటూరు దగ్గర మాది మూడెకరాల వర్జీనియా. నా ఫీజు, మెస్ బిల్లు ఆ ఆకులోంచి వచ్చినవే. అందుచేత తిట్లు మానేసి లెక్క చూద్దాం.

2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్ళు నిండిన మగవాళ్ళలో పొగాకు వాడేవారు దేశంలో నూటికి 38 మంది, మన రాష్ట్రంలో 22.6. ఆడవాళ్ళలో దేశానికి 8.9, మనకు 3.8. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది, ఒంగోలు చుట్టూ ఎటు చూసినా బ్యారన్లే. అయినా పండించినంతగా మనం వాడటం లేదన్నమాట! మన ఆకులో చాలా భాగం ఎగుమతికి పోతుంది మరి. మద్యం దగ్గర మాత్రం లెక్క తిరగబడింది. మగవాళ్ళలో దేశానికి 18.8, మనకు 23.3. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది.

అయితే ఇవన్నీ జనం నోటితో చెప్పిన జవాబులు. సెలవుల్లో మా నాయనమ్మను అదే ప్రశ్న అడిగాను. "ఛీ, నాకెందుకురా ఆ అలవాటు!" అంది. బొడ్లో చుట్టముక్క ఉంది. అబద్ధమనను. దొడ్లో కూర్చుని కాల్చేదాన్ని ఆమె ఏనాడూ అలవాటనుకోలేదు.

నోటితో అడిగితే అసలే తెలియనిది ఇంకొకటి ఉంది. నికోటిన్ నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది. మంచుకు తడిసిన చేలో ఆకు రెలుపుకు దిగితే ఆ తడిలో కరిగి, చర్మం గుండా రక్తంలో కలుస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతులు. దీన్నే గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అంటారు. కాలేయం నికోటిన్‌ను కొటినిన్‌గా మారుస్తుంది. మూత్రంలో దాన్ని కొలిస్తే ఒంట్లోకి ఎంత ఎక్కిందో అంచనా దొరుకుతుంది. ఎన్నడూ పొగతాగని మనిషిలో కూడా!

మా అమ్మ రెలుపుల రోజుల్లో రాత్రి అన్నం ముట్టదు. పైత్యం చేసిందని మజ్జిగ తాగి పడుకుంటుంది. కెమిస్ట్రీలో ఆల్కలాయిడ్లు చదివేదాకా నేనూ అది పైత్యమే అనుకున్నాను. సర్వేవాళ్ళు అడిగితే "నేను వాడను" అంటుంది. అది నిజం కూడా.

పోయినేడు రబ్బరు గ్లవ్స్ కొని పట్టుకెళ్ళాను. ఆకు జారిపోతోందని గట్టు మీద పెట్టేసింది. మంచు ఆరాక దిగుదామంటే, అప్పటికి కూలీలు మిరపకోతకు వెళ్ళిపోతారని నాన్న. నిండు చేతుల చొక్కా ఒక్కటి ఒప్పుకుంది, అదీ నా పాతది. అది తడిస్తే వెంటనే మార్చుకోవాలని ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెప్పాలి.