పికప్ అందుకోని లారీ: పెడల్ సెన్సార్‌ను పరీక్షించడం ఎలా?

శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి, మేడ్చల్ మీదుగా 44వ జాతీయ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. హైదరాబాద్ శివారులోని కౌకూర్ చుట్టూ లారీలకు తీరిక లేదు. లోడుతో ఉన్న బండి రేస్ తొక్కినా పికప్ అందుకోకపోతే వెంటనే కొత్త సెన్సార్ కొనకండి. ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి.

ఏం జరుగుతుంది?

పాత లారీల్లో పెడల్‌ను డీజిల్ పంపుకు కేబులో, రాడ్డో కలిపేది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల లారీల్లో ఆ పని సెన్సార్‌ది. పెడల్ ఎంత దిగిందో అది ఓల్టుల్లో ఇంజన్ కంప్యూటర్‌కు (ఈసీఎం) చెబుతుంది. ఎంత డీజిల్ చల్లాలో ఈసీఎం నిర్ణయిస్తుంది. గాలి దారిలోని థ్రాటిల్ ఫ్లాప్‌కు వేరే సెన్సార్ ఉంటుంది. ఆ రెంటినీ కలగలపకండి.

పెడల్ నుంచి రెండు సిగ్నళ్లు వెళ్తాయి. చాలా బళ్లలో రెండోది మొదటిదానిలో సగం. ఈ లెక్క తప్పితే ఈసీఎం చెక్ లైట్ వెలిగించి, ఇంజన్ బలం తగ్గిస్తుంది. బండి అదుపు తప్పకుండా కాపాడే ఏర్పాటు ఇదే.

పరీక్ష

1. బండిని చదునైన చోట ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. చక్రాలకు అడ్డు పెట్టండి.

2. స్కానర్ ఉంటే ఫాల్ట్ కోడ్ రాసుకోండి. ఇంకా చెరిపేయకండి.

3. ఇగ్నిషన్ ఆపి, పెడల్ దగ్గరి కప్లర్ విప్పండి. నీళ్లు, తుప్పు, వంగిన పిన్ను ఉన్నాయేమో చూడండి. శుభ్రం చేసి గట్టిగా బిగించండి.

4. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేయండి. మీటర్ డీసీ ఓల్టుల్లో ఉండాలి. వైరు తొక్క గుచ్చకుండా, కప్లర్ వెనక నుంచి పిన్ను ఆనించండి. సప్లై, ఎర్త్ వైర్ల మధ్య సుమారు 5 ఓల్టులు రావాలి. రాకపోతే లోపం వైరింగ్‌లోనో, ఈసీఎం వైపో ఉండే అవకాశం ఎక్కువ.

5. మీటర్‌ను ఒక సిగ్నల్ వైరుకు, ఎర్త్ వైరుకు మధ్య పెట్టి, పెడల్‌ను నెమ్మదిగా చివరిదాకా నొక్కి వదలండి. నొక్కేటప్పుడు ఉదాహరణకు 0.75 నుంచి 3.8 ఓల్టుల దాకా నిలకడగా పెరగాలి. రెండో సిగ్నల్ 0.38 నుంచి 1.9 దాకా. కచ్చితమైన అంకెలకు మీ బండి మాన్యువల్ చూడండి.

6. మధ్యలో అంకె ఎగిరినా, సున్నాకు పడినా వైరును మెల్లగా కదిపి చూడండి. కదిపినప్పుడే మారితే వైరింగ్ సరిచేయాలి. వైరింగ్ బాగుండీ అంకె తడబడుతుంటే సెన్సార్ మార్చాలి.

బ్యాటరీ 24 ఓల్టుల కరెంటు సెన్సార్‌కు ఎప్పుడూ ఇవ్వకండి, కాలిపోతుంది. ఒకే సిగ్నల్‌తో బండి నడిపించే అడ్డదారులూ వద్దు. పని ముగిశాక కోడ్ చెరిపి, ఖాళీ బండిని కొంత దూరం నడిపి చూశాకే లోడు ఎక్కించండి.