కంప్యూటరు ఇచ్చాం సరే, నేర్చుకునే సమయం ఇచ్చామా?

మన ఊళ్లలో లైబ్రరీకి సాయం చేయాలనుకునే దాతకు మొదట గుర్తొచ్చేవి మూడు: పుస్తకాలు, బీరువాలు, కంప్యూటరు. మూడూ మంచివే. పుస్తకం ఇస్తే అది నేరుగా చదువరి చేతికి వెళ్తుంది. బీరువా ఇస్తే పుస్తకాలు పాడవకుండా ఉంటాయి. కంప్యూటరు సంగతి అలా కాదు. దాన్ని వాడడం తెలిసిన మనిషి పక్కన ఉంటేనే అది పనికొస్తుంది. లేకపోతే గుడ్డ కప్పుకుని ఓ మూల ఉండిపోతుంది. రెండు మూడేళ్లకు పాతబడుతుంది. దాత సొమ్ము వృథా అవుతుంది.

అందుకే ఈ పాఠంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. లైబ్రరీకి ఆన్‌లైన్ సౌకర్యం ఇచ్చే ప్రతి దాతా, అక్కడ పనిచేసేవారు దాన్ని నేర్చుకోవడానికి కావలసిన సమయాన్నీ ఖర్చునూ కూడా విరాళంలో భాగంగా చూడాలి. సారంగాపూర్ లాంటి మండల కేంద్రానికి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలకు ఇది మరీ అవసరం. ఎందుకో ముందు ముందు చూద్దాం.

సిబ్బందికి నేర్పడం కొత్త సంగతి కాదు

పుస్తకం ఉండడం వేరు, అది ఎక్కడుందో తెలిసిన మనిషి ఉండడం వేరు. బాగ్దాద్‌లో పుస్తకాల వ్యాపారంలో ఉన్న ఇబ్న్ అల్ నదీమ్ క్రీ.శ. 987లో తనకు తెలిసిన అరబీ గ్రంథాలన్నిటికీ ఒక జాబితా కూర్చాడు. దాని పేరు అల్ ఫిహ్రిస్త్. మన ఇళ్లలో జాబితాను ఇప్పటికీ ఫెహ్రిస్త్ అనే అంటాం. అందులో పేరు ఎక్కిన గ్రంథాల్లో చాలా వాటిని కాలం మింగేసింది. అవి ఒకప్పుడు ఉండేవని నేడు మనకు తెలుస్తున్నది ఆ జాబితా వల్లనే.

మన దేశంలో బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గాయక్వాడ్ 1910లో విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ని అమెరికా నుంచి పిలిపించారు. ఆ మరుసటి ఏడాదే సిబ్బందికి శిక్షణ తరగతి మొదలైంది. 1929లో ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసులో లైబ్రరీ సిబ్బందికి వేసవి పాఠశాల పెట్టారు. 1931లో ఆయన ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగవది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. చేతిలో ఫోను ఉన్న ఈ రోజుల్లో కూడా మనిషి లైబ్రరీకి వచ్చేది అందుకే. తాను గంటసేపు వెతికినా దొరకనిది అక్కడివారు పది నిమిషాల్లో చూపిస్తారన్న నమ్మకంతో వస్తాడు.

షార్లెట్ నగరం చేసిన ప్రయోగం

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో షార్లెట్ అనే నగరం ఉంది. 2006లో అక్కడి ప్రజా గ్రంథాలయానికి ఇదే చిక్కు వచ్చింది. బ్లాగులు, ఫొటోలు పంచుకునే సైట్లు, యూట్యూబ్ అప్పుడప్పుడే వ్యాపిస్తున్నాయి. పాఠకులు వాటి గురించి అడుగుతుంటే సిబ్బందికి జవాబు తెలియదు. హెలెన్ బ్లోవర్స్ అనే అధికారిణి దీనికి ఒక పద్ధతి ఆలోచించారు. అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పించలేదు. '23 పనులు' అంటూ చిన్న చిన్న అభ్యాసాల పట్టిక తయారుచేశారు. ఒక బ్లాగు తెరవడం, ఒక ఫొటో ఎక్కించడం, ఒక వీడియో వెతకడం, ఆన్‌లైన్‌లో పుస్తకాల జాబితా చేయడం లాంటివి. తొమ్మిది వారాల్లో ఎవరి వీలును బట్టి వారు పూర్తి చేయాలి. ఏం నేర్చుకున్నారో తమ బ్లాగులో రాసుకోవాలి. పూర్తి చేసినవారికి బహుమతిగా ఒక ఎంపీ3 ప్లేయరు.

ఆ పట్టికను ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. ఇతర దేశాల గ్రంథాలయాలు కూడా దాన్ని తమ అవసరానికి తగ్గట్టు మార్చుకుని వాడాయి. ఆ పట్టికలోని సైట్లు కొన్ని నేడు మరుగున పడ్డాయి. పద్ధతి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. దాని నుంచి మనం తీసుకోవలసినవి మూడు. పని చిన్నదిగా ఉండాలి. నేర్చుకునే సమయాన్ని ఉద్యోగంలో భాగంగా లెక్కించాలి. తప్పు చేస్తే నవ్వేవారు ఉండకూడదు. వయసు పైబడిన ఉద్యోగి పిల్లల ముందు మౌస్ పట్టుకోవడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గు పోనంతవరకు ఏ శిక్షణా తలకెక్కదు.

మన దగ్గర ఏం అడుగుతారు?

షార్లెట్ పట్టికను మక్కీకి మక్కీ దించుకుంటే మనకు పనికిరాదు. బీడీలు చుట్టే ఇళ్లు, మగ్గాల ఇళ్లు, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లు మన ప్రాంతంలో ఎక్కువ. లైబ్రరీ బల్ల దగ్గరికి వచ్చే ప్రశ్నలు ఆ ఇళ్ల నుంచే వస్తాయి. మూడు రకాలు చూద్దాం.

మొదటిది గల్ఫ్ ప్రయాణం. పదో తరగతి పాసవని వారికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. ఆ పాస్‌పోర్టుతో ఉద్యోగానికి సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, యూఏఈ లాంటి దేశాలకు వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అది ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా వస్తుంది. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా కూడా అందులోనే ఉంది. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో గుర్తింపు లేదు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, విజిట్ వీసా మీద పంపి అక్కడ పని ఇప్పిస్తామన్నా అనుమానించాలి. లైబ్రేరియన్‌కు ఆ జాబితాలో ఏజెంటు పేరు వెతకడం తెలిసి ఉంటే, ఒక కుటుంబం నగలు కుదువపెట్టకముందే నిజం తెలుస్తుంది. అప్పటికే వెళ్లి అక్కడ చిక్కుకున్నవారి కోసం విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

రెండవది స్కాలర్‌షిప్. రాష్ట్రానికి ఈ-పాస్, కేంద్రానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ ఉన్నాయి. మన పిల్లల దరఖాస్తులకు అడ్డం పడేది చాలాసార్లు పేరే. పదో తరగతి మెమోలో 'ఎండీ' అని, ఆధార్‌లో 'మహమ్మద్' అని, బ్యాంకు పుస్తకంలో 'మొహమ్మద్' అని ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కంప్యూటరుకు వీరు ముగ్గురు వేర్వేరు మనుషులు. బ్యాంకు ఖాతాకు ఆధార్ జత కాకపోతే మంజూరైన సొమ్ము కూడా చేరదు. దరఖాస్తు నింపే ముందే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడడం తెలిసిన మనిషి కావాలి. ఆఖరి తేదీకి నెల ముందే చూస్తే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

మూడవది పాత పుస్తకాలు. హైదరాబాద్‌లో 1891లో మొదలైన కుతుబ్‌ఖానా ఆసఫియా నేడు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. అక్కడి తెలుగు, ఉర్దూ గ్రంథాలు ఎన్నో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ అయ్యాయి. ఆ స్కాన్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో ఉచితంగా దొరుకుతాయి. అంటే ఆసఫియా బీరువాల్లో కొంత భాగం సారంగాపూర్‌కు కూడా అందుబాటులో ఉన్నట్టే. అయితే పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఎక్కించారు. ఒక స్పెల్లింగుతో దొరకకపోతే మరో రెండు మూడు రకాలుగా వెతకాలి. ఈ మెలకువ తెలియనివారు పుస్తకం లేదని పంపేస్తారు. ఉర్దూకు రేఖ్తా వెబ్‌సైటు ఉంది. అందులో కవిత్వాన్ని ఉర్దూ, దేవనాగరి, ఇంగ్లీషు లిపుల్లో చదవవచ్చు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు మీడియం చదివిన పిల్లలకు ఇది పెద్ద సాయం. పాఠ్యగ్రంథాలకు, పోటీ పరీక్షలకు ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది.

కానుక అనే పేరున్న సాఫ్ట్‌వేర్

లైబ్రరీ లెక్కలు ఉంచడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలని కొందరు దాతలను అడుగుతారు. కొనే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. న్యూజిలాండ్‌లోని హోరోవెనువా లైబ్రరీ ట్రస్టు 1999లో తన అవసరం కోసం కోహా అనే సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. 2000 జనవరి నుంచి వాడుక మొదలుపెట్టి, దాన్ని ప్రపంచానికి ఉచితంగా ఇచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. పుచ్చుకున్నవారు కూడా ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలన్న భావం అందులో ఉంది. తెలుగు, ఉర్దూ లిపులు రెండూ అందులో పనిచేస్తాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే. ఖర్చయ్యేది దాన్ని నేర్చుకోవడానికి, ఒక్కో పుస్తకం వివరం ఎక్కించడానికి పట్టే శ్రమకు. విరాళం అక్కడ పెట్టాలి.

అమానత్ సంగతి

లైబ్రరీ కంప్యూటరు పదిమంది వాడేది. ఒకరి ఆధార్ నంబరు, పాస్‌పోర్టు నకలు, బ్యాంకు వివరాలు అందులో మిగిలిపోతే రేపు ఇంకొకరి కంట పడతాయి. నమ్మి చేతికిచ్చిన కాగితం అమానత్ కిందే లెక్క. కాబట్టి సిబ్బంది నేర్చుకోవలసిన మొదటి పాఠాల్లో ఇవి ఉండాలి: పని అయిన వెంటనే లాగౌట్ చేయించడం, పాస్‌వర్డు కంప్యూటరులో దాచకపోవడం, డౌన్‌లోడ్ చేసిన కాగితాలు చెరిపేయడం, ఎవరి ఓటీపీనీ అడగకపోవడం. ఎవరైనా ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయించాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

పన్నెండు వారాల పట్టిక

వారానికి ఒక గంట, పనివేళల్లోనే. ఏ చిన్న లైబ్రరీ అయినా దీన్ని తనకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

1. తెలుగులో టైపు చేయడం, మాటతో రాయించడం.
2. ఉర్దూలో అదే పని.
3. అసలు ప్రభుత్వ వెబ్‌సైటుకూ నకిలీకీ తేడా పట్టడం. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' లేదా 'నిక్ డాట్ ఇన్' ఉందా అని చూడడం.
4. పైన చెప్పిన అమానత్ నియమాలు.
5. స్కాలర్‌షిప్ కాగితాల్లో పేర్లు సరిపోల్చడం.
6. ఈ-మైగ్రేట్‌లో ఏజెంటును వెతకడం.
7. నేషనల్ డిజిటల్ లైబ్రరీ.
8. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక పాత తెలుగు పుస్తకం, ఒక పాత ఉర్దూ పుస్తకం పట్టుకోవడం.
9. రేఖ్తా.
10. టీ-శాట్ పాఠాలు.
11. యాభై పుస్తకాల వివరాలు కంప్యూటరులో ఎక్కించడం.
12. నేర్చుకున్నదాంట్లో ఒకటి ఇంకొకరికి నేర్పడం.

ప్రతి వారం చివర ఉద్యోగి ఒక నోటుబుక్కులో రెండు మాటలు రాయాలి: ఈ వారం ఎవరికి ఏం పని చేసిపెట్టాను, ఎక్కడ ఆగిపోయాను. ఆగిపోయిన చోటే మరుసటి పాఠం మొదలవుతుంది.

దాతలు అడగవలసిన ప్రశ్నలు

మన రాష్ట్రంలో ఇల్లున్న ప్రతివారూ ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నారు, పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. ఆ లెక్కన మనమందరం ఇదివరకే లైబ్రరీ దాతలం. ఊళ్లోని ప్రభుత్వ గ్రంథాలయమైనా, మసీదు పక్కన నడిచే పఠనాలయమైనా, అడిగే హక్కు మనకు ఉంది. ఈసారి కంప్యూటరు ఇచ్చే ముందు ఈ నాలుగు అడగండి. దీన్ని వాడేది ఎవరు? వారికి వారంలో ఏ గంట నేర్చుకోవడానికి కేటాయించారు? వారు సెలవులో ఉంటే రెండో మనిషి ఎవరు? ఏడాది తర్వాత ఎంతమందికి ఏ పని జరిగిందో లెక్క చూపిస్తారా?

సరైన జవాబు రాకపోతే విరాళం ఆపనక్కర్లేదు, దాని రూపం మార్చండి. కంప్యూటరుకు ఇచ్చే ప్రతి పది రూపాయల్లో రెండు రూపాయలు శిక్షణకు పక్కన పెట్టండి. అది నేర్పే మనిషికి దారి ఖర్చు కావచ్చు, సిబ్బందికి ఆ గంటలకు భత్యం కావచ్చు, పట్టిక పూర్తి చేసినవారికి చిన్న బహుమతి కావచ్చు. ఇంజినీరింగ్ చదువుతున్న మీ అబ్బాయో అమ్మాయో సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు వారానికో గంట లైబ్రరీలో కూర్చుని నేర్పినా అది విరాళమే.

మనం సదఖా జారియా అనేది ఆగకుండా సాగే మేలు గురించే. కంప్యూటరు కొన్నేళ్లకు పాతబడుతుంది. ఒక ఉద్యోగి నేర్చుకున్న పని ఆయన నుంచి ఇంకొకరికి, వారి నుంచి మరొకరికి అందుతూ పోతుంది. ఈ సంవత్సరం రసీదు రాయించుకునేటప్పుడు కంప్యూటరు పద్దు కిందనే ఇంకో పద్దు కూడా రాయించండి: సిబ్బంది శిక్షణ.