కసిందను గుర్తుపట్టడం ఎలా?

వానాకాలంలో మా పెగడపల్లి వైపు చేన్ల గట్ల మీద, బాటల పక్కన పసుపు పూల మొక్కలు రెండు కలిసి మొలుస్తాయి. ఒకటి తగిరిస. దీన్నే తంటెం అంటారు. లేతాకు కూర వండుకుంటారు. రెండోది కసింద. దీని గింజలు విషం. దూరం నుంచి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

కసింద మన దేశపుది కాదు, అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలది. 1753లో లిన్నేయస్ దీనికి కాసియా ఆక్సిడెంటాలిస్ అని పేరు పెట్టాడు. ఆక్సిడెంటాలిస్ అంటే పడమటిది. ఇప్పుడు సెన్నా ప్రజాతిలో చేర్చారు. తగిరిస సెన్నా టోరా. రెండూ చిక్కుడు కుటుంబానివే గాని పువ్వు సీతాకోకచిలుకలా ఉండదు, ఐదు రేకులూ విప్పారి ఉంటాయి. వేళ్లకు బుడిపెలుండవు, కనుక నత్రజని స్థాపన జరగదు. పప్పుజాతి మొక్క గదా, భూమికి బలమని వదిలేయనక్కరలేదు.

రెండు మొక్కలనూ పక్కపక్కన పెట్టి నేను రాసుకున్న తేడాలివి:

ఆకు: తగిరిసకు మూడు జతల చిట్టి ఆకులు, కొన గుండ్రం. కసిందకు సాధారణంగా నాలుగైదు జతలు, కొన మొనదేలి ఉంటుంది.

గ్రంథి: కసిందకు ఆకు కాడ మొదట్లోనే ఒక్క నల్లని బుడిపె. తగిరిసకు అక్కడ ఏమీ ఉండదు. కింది జతల ఆకుల నడుమ సన్నని గ్రంథులుంటాయి. పూత, కాయ లేనప్పుడు ఇదే నమ్మకమైన గుర్తు.

కాయ: తగిరిసది సన్నగా, పొడుగ్గా కొడవలిలా వంగుతుంది. కసిందది చదునుగా, అంచులు లేతరంగుతో పైకి లేచి ఉంటుంది.

ఈ తేడా తెలియడం ఎందుకంటే, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లల్ని బలిగొన్న ఒక జబ్బును చాలాకాలం మెదడువాపు అనుకున్నారు. కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతినే ఆ జబ్బుకు కసిందే కారణం కావచ్చునని 2007లో వెలువడిన పరిశోధన చూపింది. 2016లో మన పొరుగున ఒడిశాలోని మల్కాన్‌గిరిలో పిల్లల మరణాలపై వచ్చిన నిపుణులూ ఈ మొక్కనే వేలెత్తి చూపారు. ఆడుకునే పోరగాళ్లు కాయ ఒలిచి తినడమే ప్రమాదం. మక్కల్లో, సోయాలో గింజలు కలిస్తే పశువులకూ ముప్పే.

కసింద గింజ రాలితేనే మళ్లీ ఏడు మొలిచేది. కాబట్టి మిత్రులారా, సెలవులకు ఊరెళ్లినప్పుడు ఆకు కాడ మొదలు చూడండి. నల్ల బుడిపె కనబడితే కాయ పట్టకముందే పీకేయండి. ఇంట్లో చిన్నపిల్లలకు రెండు కాయలూ చూపించి చెప్పండి.