ఊరికి వచ్చిన తీగ ఇంటికి ఎందుకు రాలేదు?



సెలవులకు అమ్మమ్మగారి ఊరో నాయనమ్మగారి ఊరో వెళ్లొచ్చిన పిల్లలు తరగతిలో తరచూ చెప్పే మాట ఒకటుంది. "అక్కడ నెట్ రాదు టీచర్, అందుకే ప్రాజెక్టు చేయలేదు." కొందరి నోట అది సాకు, కొందరి నోట నిజం. ఇంకొందరు పరిశీలనగా చూసి వస్తారు. పంచాయతీ ఆఫీసు గోడకు ఫైబర్ పెట్టె బిగించి ఉందట, తాతయ్య ఇంట్లో మాత్రం డాబా ఎక్కితేనే ఫోన్‌కు సిగ్నల్ వస్తుందట. ఈ నెల సాంఘిక శాస్త్రం పేజీకి ఆ ప్రశ్ననే తీసుకున్నాం. పిల్లలతో కలిసి చదవండి, మధ్యలో చిన్న లెక్కలు కూడా ఉన్నాయి.

ఈ కథలో మీ డబ్బు కూడా ఉంది. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు చేసిన ఆదాయంలో 8 శాతం ప్రభుత్వానికి లైసెన్సు ఫీజుగా కడతాయి. అందులో 5 శాతం ఒక ప్రత్యేక నిధికి వెళ్తుంది. 2002 నుంచి దాని పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. 2023లో వచ్చిన టెలికాం చట్టం దాన్ని డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. లాభం లేదని కంపెనీలు వెళ్లని ఊళ్లకు ఫోనూ నెట్టూ చేర్చడానికే ఈ నిధి. కంపెనీల లెక్కల్లో మినహాయింపులు ఉంటాయి కాబట్టి పైసలతో సహా చెప్పలేం గానీ, మీరు రీచార్జ్ చేసిన ప్రతిసారీ పన్ను పోను మిగిలిన వందలో సుమారు ఐదు రూపాయలు అటు వెళ్తున్నట్టే. అందుకే ఊళ్లో నెట్ గురించి అడగడం ఎవరి దయనో కోరడం కాదు. ఇప్పటికే కట్టిన దానికి లెక్క అడగడం.

కాలువ తవ్వారు, బోదెలు తవ్వలేదు

2011 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ అనే పథకాన్ని ఆమోదించింది. దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఫైబర్ కేబుల్ చేర్చడం లక్ష్యం. తర్వాత దీనికే భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మొదటి విడతలో లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికి 2017 డిసెంబర్ వచ్చింది. ఆ తర్వాతి విడతలతో కలిపి రెండు లక్షలకు పైగా పంచాయతీలకు కేబుల్ చేరింది. అంకె పెద్దదే. పంచాయతీకి చేరిన కేబుల్ ప్రజలకు చేరిందా అన్నది వేరే ప్రశ్న.

మన జిల్లాల పిల్లలకు ఇది నీళ్ల లెక్కలో చెబితే వెంటనే అర్థమవుతుంది. ప్రాజెక్టు కట్టారు, ప్రధాన కాలువ తవ్వారు, ఊరి పొలిమేర దాకా పంట కాలువ తెచ్చారు. అక్కడి నుంచి ఒక్కో చేనుకూ నీళ్లు తీసుకెళ్లే బోదె తవ్వకుండా వదిలేశారు. కాలువ నిండా నీళ్లున్నా చేను ఎండుతుంది. భారత్‌నెట్ తొలి ఏళ్లలో జరిగింది దాదాపు ఇదే. మండల కేంద్రం నుంచి పంచాయతీ వరకు కేబుల్ వేయడం ప్రభుత్వం పని. అక్కడి నుంచి ఇళ్లకు కనెక్షన్ ఇచ్చే పని ప్రైవేటు కంపెనీలో స్థానిక ఆపరేటర్లో చూసుకుంటారని అనుకున్నారు. కొద్దిమంది కనెక్షన్ల కోసం ఎవరు వస్తారు? చాలా ఊళ్లకు ఎవరూ రాలేదు.

రెండో చిక్కు కూడా కాలువ లాంటిదే. తొలి విడతలో కేబుల్‌ను మండలం నుంచి ఒక ఊరికి, అక్కడి నుంచి ఇంకో ఊరికి ఒకే వరుసలో లాగారు. ఆయకట్టు చివరి భూముల రైతును అడగండి, పైన ఎక్కడ గండి పడినా తన చేనుకు చుక్క రాదని చెబుతాడు. రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ ఒకచోట కేబుల్ తెంపితే, ఆ తర్వాత ఉన్న ఊళ్లన్నీ ఆగిపోతాయి. అతికించే మనిషి వచ్చేదాకా పంచాయతీలోని పెట్టె వట్టి అలంకారమే.

2023 ఆగస్టులో కేంద్రం ఈ పథకాన్ని మార్చి, 1,39,579 కోట్ల రూపాయల అంచనాతో మళ్లీ ఆమోదించింది. రెండు చిక్కులకూ అందులో సమాధానం రాసుకున్నారు. కేబుల్‌ను వరుసగా కాక వలయంలా వేస్తారు. ఒకవైపు తెగితే సంకేతం రెండో వైపు నుంచి తిరిగి వస్తుంది. నిర్వహణ బాధ్యత బీఎస్‌ఎన్‌ఎల్‌కు ఇచ్చారు. ఊళ్లోనే ఉండే యువకుడికో యువతికో ఆదాయంలో వాటా ఇచ్చి, ఇళ్లకు కనెక్షన్లు ఇప్పించాలన్నది ఇంకో మార్పు. ఐదేళ్లలో కోటిన్నర గ్రామీణ ఇళ్లకు ఫైబర్ ఇవ్వాలన్నది లక్ష్యం. మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ స్థానిక మనిషే. కేబుల్ తెగిన రోజు నిచ్చెన వేసుకుని వచ్చేవాడు ఊళ్లో ఉంటే సగం సమస్య తీరినట్టే.

మన రెండు రాష్ట్రాలూ, రెండు దారులూ

ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు. దాని ధర కంటే దాన్ని భూమిలో పెట్టడానికి తవ్వే ఖర్చే ఎక్కువ. రోడ్డు తవ్వాలంటే ఒక శాఖ అనుమతి, అడవిలోంచి వెళ్లాలంటే ఇంకో శాఖ అనుమతి కావాలి. ఈ తవ్వకాన్ని ఎలా తప్పించుకోవాలన్న దగ్గర ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వేర్వేరు దారులు పట్టాయి.

ఆంధ్రప్రదేశ్ తవ్వకమే వద్దనుకుంది. ఊరూరా ఉన్న కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగింది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోన్ మూడూ కలిపి ఇచ్చారు. తర్వాత ప్యాకేజీలు, ధరలు మారాయి. ఇంటి దాకా తీగ తెచ్చే పనిని మాత్రం వీధిలోని కేబుల్ టీవీ ఆపరేటర్లకు అప్పగించారు. ఇది తెలివైన పని. నెల నెలా బిల్లు వసూలుకు వచ్చే కేబుల్ అబ్బాయికి ఏ ఇల్లు ఎక్కడుందో, ఏ స్తంభం నుంచి తీగ లాగాలో తెలుసు. భారత్‌నెట్ తొలి ఏళ్లలో లేని బోదె ఇక్కడ ముందే ఉంది. నష్టమూ లేకపోలేదు. స్తంభం మీది తీగ గాలివానకు లోకువ. తుపాన్ల తీరంలో స్తంభం పడితే కరెంటుతో పాటు నెట్టూ పోతుంది.

తెలంగాణ మరో దారి పట్టింది. ఇంటింటికీ నల్లా నీళ్లు ఇవ్వడానికి 2016లో మొదలైన మిషన్ భగీరథ కోసం రాష్ట్రమంతా ఎలాగూ తవ్వుతున్నారు కదా, ఆ కందకంలోనే పైపు పక్కన ఫైబర్ కోసం గొట్టం కూడా వేద్దామనుకున్నారు. టీ-ఫైబర్ పథకానికి పునాది అదే. ఒకే తవ్వకానికి రెండు ప్రయోజనాలు. భూమిలో ఉన్న తీగకు గాలివాన భయం లేదు. కాకపోతే గొట్టం వేశాక అందులో ఫైబర్ పంపాలి, పరికరాలు పెట్టాలి, కనెక్షన్లు ఇవ్వాలి. కందకం పూడ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు.

ఈసారి ఊరికి వెళ్లేటప్పుడు కారు కిటికీలోంచి ఈ పాఠం చూపించండి. కరెంటు తీగల కింద నల్లటి తీగ వేలాడుతోందా? అక్కడక్కడా చుట్ట చుట్టి కట్టారా? తెగితే అతికించడానికి ఉంచే మిగులు అది. పంచాయతీ ఆఫీసులో పెట్టె ఉంటే దాని దీపాలు వెలుగుతున్నాయా? కార్యదర్శి గారిని పిల్లలే అడగవచ్చు. తరగతిలో మేం చూపించే ఏ స్లయిడ్ కంటే ఇది మంచి ఫీల్డ్ వర్క్.

నీకెంత వేగం, నాకెంత వేగం

ఇప్పుడు లెక్క. ఎంబీపీఎస్‌లో బి అంటే బిట్. మనం డౌన్‌లోడ్ చేసే ఫైలు సైజు బైట్లలో ఉంటుంది. ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కాబట్టి 15 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 15 మెగాబైట్లు కాదు, రెండు కంటే కొంచెం తక్కువ. కనెక్షన్ అమ్మేవారు ఈ తేడా విడమరిచి చెప్పరు, మనమూ అడగం.

ఒక పాఠం వీడియో 60 మెగాబైట్లు ఉందనుకోండి. 15 ఎంబీపీఎస్‌లో దిగడానికి దాదాపు అర నిమిషం. 2 ఎంబీపీఎస్‌లో నాలుగు నిమిషాలు. 512 కేబీపీఎస్‌లో పావుగంట దాటుతుంది. 256 కేబీపీఎస్‌లో అరగంట పైనే. ఈ అంకెలు ఊరికే ఎంచుకున్నవి కావు. 2004లో మన ప్రభుత్వ విధానంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్. తర్వాత 512 చేశారు. 2 ఎంబీపీఎస్ అయ్యింది 2023 జనవరిలో. అంటే 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా ఆన్‌లైన్ తరగతులు వింటున్నప్పుడు, అరకొర వేగంతో మాటిమాటికీ ఆగిపోయే కనెక్షన్ కూడా ప్రభుత్వ లెక్కలో బ్రాడ్‌బ్యాండే. ఎన్ని కనెక్షన్లు ఇచ్చారన్న ప్రకటన చూసినప్పుడు ఎంత వేగంతో అని కూడా అడగడం మీ పిల్లలకు అలవాటు చేయండి.

ఇక బడుల సంగతి. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో 63.5 శాతం బడులకే ఇంటర్నెట్ ఉంది. అంతకు ముందు ఏడాది అది 53.9 శాతం. గ్రామాల్లోని ప్రభుత్వ సెకండరీ పాఠశాలలన్నిటికీ భారత్‌నెట్ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. స్మార్ట్ బోర్డు ఉన్న తరగతిలో కూర్చునే మన పిల్లలు రేపు పోటీ పరీక్షల్లో ఎవరి పక్కన కూర్చుంటారో వారి బడి ఇది. ఆ తేడా తెలిస్తే మన పిల్లలకు మార్కుల విలువ కూడా ఇంకోలా అర్థమవుతుంది.

తీగ వచ్చాక కూడా

కనెక్షన్ ఇచ్చినంత మాత్రాన అందరూ వాడేస్తారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల్లో 48.8 శాతం అవునన్నారు, మహిళల్లో 21 శాతమే. తెలంగాణలో పురుషులు 57.4 శాతం, మహిళలు 26.5 శాతం. అదే ఊరు, అదే టవరు, చాలాసార్లు అదే ఇల్లు. ఇక్కడ తీగ లేకపోవడం కారణం కాదు, ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది కారణం.

పిల్లల్లోనూ అదే. గ్రామాల్లో జరిగిన 2024 అసర్ సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల వారిని చూస్తే, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 36.2 శాతానికి సొంత ఫోన్ ఉంది, అమ్మాయిల్లో 26.9 శాతానికే. అదే సర్వేలో చదువు కోసం ఆ వారం ఫోన్ వాడినవారు 57 శాతం అయితే, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. ఈ రెండో అంకె చూసి ఫోన్ లాక్కోవాలనిపించడం సహజం. లాక్కునే ముందు మొదటి అంకె కూడా చూడండి. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఎవరి దగ్గర లాక్కుంటున్నామో కూడా చూసుకోండి.

దీని మీద ఒక కోర్టు తీర్పు ఉంది. కేరళలో కోళికోడ్ దగ్గర ఒక కాలేజీ అమ్మాయిల హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ వాడకూడదని నిబంధన పెట్టారు. ఒప్పుకోని డిగ్రీ విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులో, గోప్యత హక్కులో భాగమని చెప్పింది. ఆమె మేజర్, మన పిల్లలు కాదు. పదమూడేళ్ల పిల్లవాడు ఈ తీర్పు చూపించి రాత్రంతా గేమ్ ఆడతానంటే కుదరదని మీరు నిశ్చింతగా చెప్పవచ్చు. కానీ అమ్మాయికి ఒక నియమం, అబ్బాయికి ఇంకో నియమం పెట్టే ఇంట్లో ఈ తీర్పు గురించి ఒకసారి మాట్లాడుకోవడం మంచిది.

పెద్దవాళ్ల వైపు కూడా ఒక ఖాళీ ఉంది. ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 2017లో మొదలై 2024 మార్చి 31న ముగిసింది. ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఇంటికొకరికి కంప్యూటర్, ఫోన్, ఆన్‌లైన్ చెల్లింపులు నేర్పాలన్నది లక్ష్యం. శిక్షణ 20 గంటలు, ఉచితం. 6.39 కోట్ల మందికి నేర్పారు. లక్ష్యం దాటింది. అయితే అర్హత వయసు 14 నుంచి 60. అరవై దాటినవారికి చోటే లేదు. పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ద్వారా ఆన్‌లైన్‌లో ఇవ్వవచ్చు. గ్యాస్ బుకింగ్, బ్యాంకు, ఆసుపత్రి టోకెన్ కూడా ఫోన్‌లోకి వచ్చేశాయి. నేర్పే పథకం మాత్రం తాతయ్య దాకా రాలేదు. మోసగాళ్లు మాత్రం ఆయన నంబరు వెతుక్కుంటూ వస్తారు.

అందుకే ఈ నెల ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ప్రాజెక్టు ఇది. ప్రతి విద్యార్థీ ఇంట్లోనో ఊళ్లోనో అరవై దాటిన ఒకరికి మూడు పనులు నేర్పాలి. వీడియో కాల్ చేయడం, ఓటీపీ అంటే ఏమిటో తెలుసుకుని ఎవరికీ చెప్పకుండా ఉండటం, మోసపోయామని తెలియగానే 1930కి ఫోన్ చేయడం. నేర్పేటప్పుడు తాతయ్య చేతిలోంచి ఫోన్ లాక్కుని తామే నొక్కేయకూడదు. ఇదొక్కటే షరతు, పిల్లలకు కష్టమైనదీ ఇదే. నేర్చుకున్న పెద్దవారితో ఒక పేరా రాయించి, లేదా వారు చెబుతుంటే రాసి, వచ్చే నెల పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున తీసుకురండి. ఊళ్లో పంచాయతీ పెట్టె చూసిన పిల్లలు దాని దీపాలు వెలుగుతున్నాయో లేదో కూడా అందులో రాయాలి.