కూలి ఇచ్చే చేతులు

నూజివీడు అంటే మామిడి. నూజివీడు చిన్న రసాల పేరు చెబితే ఎక్కడ ఉన్న తెలుగువాళ్ళకైనా నోరూరుతుంది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట. ఎటు చూసినా మామిడి తోటలే. బంగినపల్లి, కలెక్టరు, పెద్ద రసాలు, చిన్న రసాలు. 2022లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గాని తోట మారలేదు. తోటలో పని మారలేదు.

సంక్రాంతి రోజుల్లో పూత. శివరాత్రి నాటికి పిందె. ఉగాది దాటితే కోత. అక్కడి నుంచి వేసవి అంతా చేతినిండా పని. కోసిన కాయలు లారీల్లో విజయవాడ పక్కన ఉన్న నున్న మార్కెట్‌కు పోతాయి.

ఆ ప్రాంతంలో ఒక ఊరు. ఊళ్ళో ఒక పొదుపు సంఘం. సంఘంలో పది మంది ఆడవాళ్ళు. అందరూ తోటల్లో కూలికి పోయినవాళ్ళే. కాయ ఏరడం, సొన కార్చడం, రకం వారీగా వేరు చేయడం, పెట్టెల్లో సర్దడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

ఈ ఏడాది వాళ్ళు ధైర్యం చేశారు. బ్యాంకులో అప్పు తీసుకున్నారు. ఒక చిన్న తోట కాపు కొన్నారు. నిన్నటి దాకా కూలి తీసుకున్న చేతులు అవి. ఇప్పుడు కూలి ఇవ్వాల్సిన చేతులు అయ్యాయి.

మొదటి రోజు సాయంత్రం

మొదటి రోజు కోత అయింది. పది మంది కూలీలు పని చేశారు. నలుగురు మగవాళ్ళు చెట్లెక్కి చిక్కాలతో కాయ కోశారు. మిగతా ఆరుగురు గుట్ట దగ్గర కాయ వేరు చేసి పెట్టెల్లో సర్దారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మగవాళ్ళు, నలుగురు ఆడవాళ్ళు.

సంఘం లీడరు పుస్తకం తెరిచింది.

"కాయ కోసినవాళ్ళకు 700 చొప్పున. గుట్ట దగ్గర మగవాళ్ళకు 600 చొప్పున. మరి ఆడవాళ్ళకు?"

"400," అంది పెద్దమ్మ. సంఘంలో అందరికన్నా పెద్ద ఆమే. "ఊళ్ళో రేటు అదేగా. మనం కొత్తగా పెంచేదేంటి?"

"పెద్దమ్మా, గుట్ట దగ్గర ఆరుగురూ చేసింది ఒకటే పని గదా?"

"ఒకటే పని. అయితే ఏం? నాకు ముప్పయ్యేళ్ళు అట్లాగే ఇచ్చారు."

"అప్పుడు నీకేమనిపించేది?"

పెద్దమ్మ వెంటనే మాట్లాడలేదు. చెంగు ముడి విప్పింది. మళ్ళీ వేసుకుంది.

"కడుపు మండేది," అంది. "కానీ అమ్మాయ్, ఇప్పుడు అప్పు మనది. గాలొస్తే రాలేది మన కాయ. రేటు పడితే మునిగేది మనం. ఆ రోజు తోట వాళ్ళు ఇదే మాట అంటే ఒళ్ళు మండేది. ఇవాళ ఆ మాట నా నోటే వస్తోంది."

అందరూ నవ్వారు. కాని ఆ నవ్వులో బరువు ఉంది. పెద్దమ్మ చెప్పింది అబద్ధం కాదు. కూలి ఇచ్చేవాళ్ళకు కూడా భయం ఉంటుంది. ఆ భయం తీరాలంటే రెండు చూడాలి. ఒకటి లెక్క. రెండు చట్టం.

లెక్క చూద్దాం

ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి. మీ ఊళ్ళో కూలి ఎంతో మీకు తెలుసు. ఆ అంకెలు వేసుకుని మళ్ళీ చేయండి.

ఆ రోజు కోసిన కాయ 2,000 కిలోలు. కిలో 25 రూపాయలకు పోతుందనుకుందాం. మొత్తం 50,000 రూపాయలు.

ఆడవాళ్ళకు 400 ఇస్తే కూలి ఖర్చు ఇది:
కోసిన నలుగురికి 4 × 700 = 2,800
గుట్ట దగ్గర మగవాళ్ళకు 2 × 600 = 1,200
గుట్ట దగ్గర ఆడవాళ్ళకు 4 × 400 = 1,600
మొత్తం 5,600 రూపాయలు. కిలోకు 2 రూపాయల 80 పైసలు.

ఆడవాళ్ళకు కూడా 600 ఇస్తే:
2,800 + 1,200 + 2,400 = 6,400 రూపాయలు. కిలోకు 3 రూపాయల 20 పైసలు.

తేడా రోజుకు 800 రూపాయలు. కిలోకు 40 పైసలు.

"నలభై పైసలేనా!" అంది పెద్దమ్మ. "నేను తోటే మునిగిపోద్దనుకున్నా."

లీడరు ఇంకో లెక్క వేసింది. మామిడికాయ తొడిమ దగ్గర సొన ఉంటుంది. ఆ సొన కాయ మీద పడితే తోలు మీద నల్ల మచ్చ వస్తుంది. మచ్చ కాయను మార్కెట్లో పక్కన పడేస్తారు. చేయి తిరిగినవాళ్ళు సొన కాయకు అంటకుండా కారుస్తారు. కాయను విసరరు. మెల్లగా పెడతారు. కూలి తక్కువని చేయి తిరిగినవాళ్ళు వేరే తోటకు పోతే, కొత్తవాళ్ళు వస్తారు. వాళ్ళ చేతిలో నూటికి ఐదు కాయలు పాడయ్యాయనుకుందాం. 2,000 కిలోల్లో 100 కిలోలు పోయినట్టే. అంటే 2,500 రూపాయలు.

కూలిలో 800 మిగిలింది. మచ్చ కాయలో 2,500 పోయింది. ఏది నష్టం?

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తోట ఖర్చు అంటే కూలి ఒక్కటే కాదు. కాపుకు కట్టిన డబ్బు, మందుల పిచికారీ, పెట్టెలు, లారీ బాడుగ, మార్కెట్లో కమీషను, అప్పుకు వడ్డీ. అన్నీ వేరు వేరుగా రాయాలి. రాయకపోతే ఏ ఖర్చు ఎంతో తెలియదు. అప్పుడు అన్ని ఖర్చుల కోపం కూలి మీదకే పోతుంది. లారీవాడు తగ్గడు. వడ్డీ తగ్గదు. తగ్గేది కూలి ఒక్కటే అనిపిస్తుంది. అందులోనూ ఆడకూలి.

చట్టం ఏమంటుంది?

కోత మొదలు పెట్టక ముందే లీడరు, మరో సభ్యురాలు కార్మిక శాఖ ఆఫీసుకు పోయి అడిగి వచ్చారు. అడిగినవన్నీ పుస్తకంలో రాసుకున్నారు.

మన దేశంలో కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు సమాన వేతనం ఇవ్వాలనే చట్టం 1976లో వచ్చింది. ఇప్పుడు ఆ చట్టాల స్థానంలో ఒకే చట్టం ఉంది. దాని పేరు వేతనాల కోడ్. పార్లమెంటు దాన్ని 2019లో చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఒకటి. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదు. "వాళ్ళే ఒప్పుకున్నారు" అంటే చెల్లదు.

రెండు. ఒకే పనికి, లేదా ఒకే రకం పనికి, ఆడ మగ తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలి. చెట్టెక్కి కోయడం వేరే నేర్పు, వేరే కష్టం. దానికి వేరే రేటు ఉండొచ్చు. కాని గుట్ట దగ్గర ఇద్దరూ ఒకే పని చేస్తే ఇద్దరికీ ఒకే రేటు. ఇంకో మాట. ఆడవాళ్ళకు సమానం చేయడానికి మగవాళ్ళ కూలి తగ్గించకూడదు.

మూడు. కూలి డబ్బు రూపంలోనే ఇవ్వాలి. చేతికి ఇవ్వొచ్చు, బ్యాంకులో వేయొచ్చు. మామిడికాయల బుట్ట కూలి కాదు. అది ప్రేమతో ఇస్తే వేరే సంగతి. కూలిలో కోసుకోకూడదు.

నాలుగు. రోజు కూలి ఆ రోజు పని అయిపోగానే ఇవ్వాలి. వారం కూలి అయితే వారంలో చివరి పని రోజున ఇవ్వాలి. "లారీ డబ్బు వచ్చాక ఇస్తాం" అనకూడదు.

ఐదు. రోజు కూలికి పిలిచి, పని చూపించలేక మధ్యలో ఆపితే పూర్తి కూలి ఇవ్వాలి. కూలి మనిషి తనంతట తాను పని మానేస్తే మాత్రం అలా కాదు.

ఆరు. నిర్ణయించిన గంటలు దాటి పని చేయిస్తే, ఆ ఎక్కువ గంటలకు రెట్టింపు రేటు.

ఏడు. ఎవరు ఎన్ని రోజులు చేశారో, ఎంత ఇచ్చారో పుస్తకంలో రాయాలి. వ్యవసాయంలో ఐదుగురికి మించకుండా పెట్టుకున్న చిన్న రైతుకు ఈ పుస్తకాల నిబంధన లేదు. కాని అధికారి అడిగితే కూలి ఇచ్చినట్టు రుజువు చూపాలి. గొడవ వస్తే "ఇచ్చాను" అని రుజువు చేయాల్సింది యజమానే.

ఎనిమిది. తక్కువ కూలి ఇస్తే మొదటిసారి 50,000 రూపాయల దాకా జరిమానా. ఐదేళ్ళలోపు మళ్ళీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇంకో చట్టం కూడా ఉంది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని కూలికి పెట్టుకోకూడదు. వేసవి సెలవులైనా సరే.

"డబ్బు లేదు" అంటే?

ఈ మాట పెద్ద పెద్ద కంపెనీలు కూడా అన్నాయి. బొంబాయిలో ఒక కంపెనీ ఉండేది. అక్కడ ఆఫీసు కాగితాలు టైపు చేసే ఆడవాళ్ళకు ఒక జీతం, మగవాళ్ళకు ఎక్కువ జీతం. ఒకామె ఫిర్యాదు చేసింది. సమానంగా ఇచ్చే స్తోమత మాకు లేదంది కంపెనీ. 1987లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సమాన వేతనం యజమాని స్తోమతను బట్టి ఉండదు అని.

అంతకు ముందు 1982లో ఇంకో తీర్పు వచ్చింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం కట్టడాలు కట్టిన కూలీల కేసు అది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించడం వెట్టి చాకిరీ కిందకే వస్తుందని కోర్టు చెప్పింది.

ఇది మన దేశంలోనే కాదు. సమాన వేతనం గురించి 1951లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం చేసింది. భారతదేశం దానికి 1958లో ఒప్పుకుంది.

ఆ తర్వాత ఏం జరిగింది?

ఆ సాయంత్రం గుట్ట దగ్గర ఆరుగురికీ 600 చొప్పున ఇచ్చారు. ఒక ఆడకూలి డబ్బు రెండుసార్లు లెక్క పెట్టింది. ఎక్కువ వచ్చిందని 200 తిరిగి ఇవ్వబోయింది.

"ఎక్కువ కాదమ్మా. అది నీదే," అంది పెద్దమ్మ. ఆమె గొంతు పూడుకుపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. పని ఆగింది. "సగం రోజే గదా" అన్నారు సంఘంలో ఇద్దరు ముగ్గురు. లీడరు పుస్తకం తీసి ఐదో సంగతి చదివింది. పూర్తి కూలి ఇచ్చారు. ఆ రోజు లెక్కలో నష్టమే వచ్చింది. ఆ నష్టం కూడా రాసుకున్నారు.

వారం తిరక్కుండానే పక్క తోట కాపు కొన్నాయన వచ్చాడు.

"ఏమ్మా, మీరు రేటు పాడు చేస్తున్నారు. మా ఆడకూలీలు కూడా అడుగుతున్నారు," అన్నాడు.

"పాడు చేయలేదన్నా. సరి చేశాం," అంది లీడరు. లెక్క చూపించింది. ఆయన నలభై పైసల దగ్గర ఆగాడు. ఏమీ అనలేదు. వెళ్ళిపోయాడు.

మే నెలలో ఒక రాత్రి గాలివాన వచ్చింది. చాలా కాయ రాలిపోయింది. చివరికి అప్పు, వడ్డీ తీరాయి. ఒక్కొక్కరికి మిగిలింది తక్కువే. కాని ఆ తోటలో కాయ సర్దిన నలుగురు ఆడవాళ్ళూ ఒక మాట చెప్పి వెళ్ళారు. "వచ్చే ఏడు మాకు కబురు చేయండి. ముందు మీ తోటకే వస్తాం."

కూలి రాకపోతే ఏం చేయాలి?

మేస్త్రి పిలిచాడు, మేస్త్రి డబ్బు ఇవ్వలేదు. తోట యజమాని "నాకు తెలియదు" అన్నాడు. అలా అనడానికి వీలు లేదు. కూలి పెట్టుకున్నవాడు ఇవ్వకపోతే, ఆ పని ఎవరిదో వాళ్ళు ఇవ్వాలి. కార్మిక శాఖకు అర్జీ పెట్టండి. మూడేళ్ళలోపు అడగొచ్చు. రావాల్సిన కూలితో పాటు పరిహారం కూడా ఇప్పించవచ్చు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు. కోర్టు దగ్గర ఉండే న్యాయ సేవా కమిటీని అడగండి. 15100 నంబరుకు ఫోన్ చేయండి.

ఒక చిన్న పుస్తకం కొనండి. పని చేసిన రోజు, పని చేసిన తోట, ఎన్ని గంటలు, ఎంత ఇచ్చారు అన్నవి రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. కూలి ఇచ్చినా, కూలి తీసుకున్నా, ఆ పుస్తకమే మీ సాక్షి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. పెద్దమ్మ ముందు 400 చాలు అని ఎందుకు అంది? ఆమె భయం నిజమేనా?
2. మీ ఊళ్ళో ఆడవాళ్ళు, మగవాళ్ళు ఒకే పని చేసే చోట్లు ఏవి? అక్కడ కూలి ఎంత?
3. వాన పడిన రోజు పూర్తి కూలి ఇవ్వడం గురించి మీరేమంటారు?

లెక్క చేయండి

ఒక తోటలో ముగ్గురు ఆడవాళ్ళకు 450 చొప్పున, అదే పని చేసిన ముగ్గురు మగవాళ్ళకు 550 చొప్పున ఇచ్చారు. ఆ రోజు సర్దిన కాయ 1,500 కిలోలు. అందరికీ 550 ఇస్తే రోజుకు ఎంత ఎక్కువ అవుతుంది? కిలోకు ఎన్ని పైసలు?

రాయండి

మీరు ఈ వారం చేసిన పని, మీకు వచ్చిన కూలి ఐదు వాక్యాల్లో రాయండి. రాసింది పక్కామెకు చదివి వినిపించండి.